కాపీ, పేస్ట్ లేని ఫోన్‌లోనే పనులు రాసుకోండి

పనులు రాసుకోవడానికి ఏ ఫోన్ మంచిదని అడిగేవాళ్లకు నేనొకటే చెబుతాను: కొత్తది కొనొద్దు, పాతది వెతకండి. 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికొచ్చిన మొదటి ఐఫోన్ అయినా సరే, 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా మన దేశంలోకి వచ్చిన ఐఫోన్ 3జీ అయినా సరే. కొన్ని ఇళ్లలో అవి ఇంకా ఏ బీరువా అరలోనో పడి ఉండొచ్చు.

ఆ ఫోన్‌తో పాటు పనుల జాబితాకంటూ విడిగా యాప్ వచ్చేది కాదు. రిమైండర్స్ యాప్ 2011 అక్టోబరులో గానీ రాలేదు. కాపీ, పేస్ట్ 2009 జూన్‌లో ఫోన్ సాఫ్ట్‌వేర్ 3.0 వెర్షన్‌తో వచ్చాయి. నోట్స్‌లో వెతికే సదుపాయం కూడా అప్పుడే వచ్చింది. అంతవరకూ ఫోన్‌తో వచ్చినదల్లా పసుపు రంగు గీతల కాగితంలాంటి నోట్స్ ఒక్కటే. లేనివాటినన్నిటినీ అప్పట్లో లోపాలన్నారు. నేను మాత్రం పనులు రాసుకునే పద్ధతి ఆ లేనివాటిలోనే ఉందంటాను. రాయడం కష్టమైనప్పుడే, నిజంగా చేయాల్సిన పని తప్ప ఇంకేదీ రాయం. కింది చిట్కాలన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడ్డాయి.

1. వెర్షన్ మార్చకండి

మీ చేతికొచ్చిన ఫోన్ 2.2.1 దగ్గరే ఆగిపోయి ఉంటే అదృష్టవంతులు. అలాగే ఉంచండి. మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెడదామని కూడా అనుకోవద్దు, మళ్లీ ఐట్యూన్స్‌తో యాక్టివేట్ చేసుకోవాల్సి వస్తుంది. ఇప్పటికే 3.0 దాటిపోయి ఉంటే కాపీ, పేస్ట్ లేవనుకునే వాడండి. సిమ్ వేయకండి. ఛార్జింగ్ పెట్టేముందు ఒక్కటి మాత్రం చూడండి: తెర గానీ వెనకవైపు గానీ ఉబ్బెత్తుగా ఉంటే బ్యాటరీ పాడైందని అర్థం. ఆ ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టొద్దు, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.

2. ఒకే నోటు, ఒకే జాబితా

ఆఫీసుకొకటి, ఇంటికొకటి, కిరాణాకొకటి అని విడదీయకండి. ఆ ఫోన్‌లో ఫోల్డర్లు లేవు. నోటు మొదటి వరుసే దాని పేరవుతుంది, చివరగా మార్చినది పైకొస్తుంది. మీ రోజు ఒక్కటే కాబట్టి నోటూ ఒక్కటే చాలు. పిల్లల ఫీజు పక్కనే ఆఫీసు రిపోర్టు కనబడితే, రెండిట్లో ఏది ముందో అక్కడికక్కడే తేల్చుకుంటారు. వేర్వేరు జాబితాల్లో పెట్టుకున్నారంటే ఆ తేల్చుకోవడమే వాయిదా పడుతుంది.

3. కీబోర్డు పైన పట్టినన్నే పనులు

మూడున్నర అంగుళాల తెరలో కీబోర్డు లేచిందంటే దాదాపు సగం దానికే పోతుంది. మిగిలిన జాగాలో పట్టినన్ని వరుసలే మీ రోజు. పైకి జరిపితే తప్ప కనబడని పని ఇవాళ్టిది కాదు. దాన్ని చెరిపేయండి.

తలలో ఉన్నదంతా జాబితాలో దించేయమని డేవిడ్ అలెన్ 2001లో వచ్చిన ‘గెటింగ్ థింగ్స్ డన్’ పుస్తకంలో చెప్పాడు. చాలామంది దాన్నే పాటిస్తున్నారు. నేను దానికి అడ్డంగా చెబుతున్నాను: దించకండి, తలలోనే ఉండనివ్వండి. మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తిచేసిన పనులకంటే మధ్యలో ఆపేసిన పనులే మనుషులకి ఎక్కువగా గుర్తున్నాయి. మనకి అక్కరున్న పనిని మనసు అంత సులువుగా వదలదు. దాని పట్టుని జాబితాకి ధారపోయకండి.

4. రోజూ పొద్దున్నే మొత్తం తిరగరాయండి

అన్నిట్లోకీ ముఖ్యమైనది ఇదే. నిన్నటి నోటుని పక్కన పెట్టి, కొత్త నోటు తెరిచి, మిగిలిపోయిన పనుల్ని ఒక్కో అక్షరం నొక్కుతూ మళ్లీ రాయండి. కాపీ లేదు కాబట్టి దొడ్డిదారి లేదు. రాశాక నిన్నటిది చెత్తబుట్టలో వేయండి.

ఇల్లు మారేటప్పుడు ప్రతి సామానూ చేతిలోకి తీసుకుని ఇది మోయాలా వద్దా అనుకుంటాం కదా, ఇదీ అంతే. ‘పాత సైకిల్ అమ్మాలి’ అని వరసగా ఐదో రోజు టైపు చేస్తుంటే మీ వేళ్లే విసుక్కుంటాయి. అప్పుడు రెండే దారులు: ఆ రోజే అమ్మేస్తారు, లేదా అమ్మే ఉద్దేశం లేదని ఒప్పుకుని ఆ వరుస వదిలేస్తారు. రెండూ మంచివే. ఈనాటి యాప్‌లలో మిగిలిన పని మళ్లీ రాయకుండానే జాబితాలో ఉండిపోతుంది, అందుకే ఏళ్ల తరబడి చేయని పనులు వాటిలో పేరుకుపోతాయి. మోసే బరువు చేతికి తెలియాలి.

5. టిక్కు పెట్టకండి, చెరిపేయండి

ఆ నోట్స్‌లో టిక్కు పెట్టే గడులు లేవు. అయిన పని పక్కన చుక్క పెట్టడం, అడుగుకి జరపడం లాంటివేవీ చేయకండి. వేలు కాసేపు అదిమి ఉంచితే భూతద్దం వస్తుంది. దాంతో వరుస చివరికి వెళ్లి, పూర్తిగా చెరిపేయండి. చేసిన పనుల చిట్టా చూసుకుని మురిసిపోవడం కూడా ఒక పనై కూర్చుంటుంది.

6. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఆటో కరెక్షన్‌తో సహా

ఆ వెర్షన్లలో తెలుగు కీబోర్డు లేదు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. ఫోన్ ఊరుకోదు, చాలా మాటలకి దగ్గర్లో ఉన్న ఇంగ్లీషు మాటని చూపిస్తుంది. స్పేస్ నొక్కితే దాన్నే పెట్టేస్తుంది. వద్దనుకుంటే ఆ చిన్న బుడగని తాకాలి. దీన్ని ఆపేసే వీలు 2.2 వెర్షన్‌లో ఇచ్చారు, మీరు మాత్రం ఆపకండి. బుడగ వచ్చిన ప్రతి మాట దగ్గరా ఆగి, అది మీ మాటేనని ఫోన్‌కి చెప్పి ముందుకి సాగండి. అలా కాపాడుకున్న వరుసని మర్చిపోవడం కష్టం. ఇంకొకటి: ‘కరెంటు’ అని వదిలేయకుండా ‘కరెంటు బిల్లు కట్టాలి’ అని క్రియతో సహా రాయండి. క్రియ లేని వరుస చూస్తే ఏం చేయాలో తెలియదు.

7. గంట కొట్టే పనులు వేరు

యాప్ స్టోర్ 2008 జులైలో తెరిచారు గానీ, మూసి ఉన్న యాప్‌లు మనల్ని పిలిచే ఏర్పాటు 2009 జూన్ దాకా లేదు. దాంతో యజమానే వెళ్లి జాబితా తెరిచి చూడాల్సి వచ్చేది. అదే సరైన మర్యాద. పని మిమ్మల్ని వెతుక్కుంటూ రాకూడదు, మీరే దాని దగ్గరికి వెళ్లాలి. మందులు, రైలు, పరీక్ష, కోర్టు వాయిదా మాత్రం దీనికి మినహాయింపు. వాటికి గంట కావాలి. ఆ ఫోన్‌లోని క్యాలెండరూ అలారమూ మోగుతాయి, అక్కడ పెట్టండి. ఒకే ఒక్క బ్యాటరీ మీద ప్రాణాలు పెట్టకుండా వాటిని గోడ క్యాలెండర్ మీద కూడా రాయండి.

8. దాచుకోవాల్సింది కాగితం మీదికి ఎక్కించండి

3.0కి ముందు నోట్స్ కంప్యూటర్‌తో సింక్ అయ్యేవి కావు. బయటికి పంపాలంటే మెయిల్ ఒక్కటే దారి. ఇవాళ్టి మెయిల్ సర్వర్లు చాలావరకు అంత పాత ఫోన్‌ని రానివ్వవు. కాబట్టి దాచుకోవాలనిపించిన ఆలోచనని పెన్నుతో నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఎక్కించే ఓపిక లేకపోతే అది అంత దాచుకోదగ్గది కాదు.

పనులు తప్పిపోవా అని మీరడగొచ్చు. తప్పిపోతాయి. పోనివ్వండి. పోయిన పని ఏమిటో వారం తర్వాత కూడా మీకు గుర్తు రాలేదంటే, దాన్ని చేయాల్సిన అవసరం మీకు లేదు. గుర్తొచ్చిందా, మర్నాటి నోటులో మొదటి వరుస దానిదే.