టోల్‌గేటు దాటని బీమారి

కేతేపల్లి మీద శాస్త్రవేత్తలు ఎవరైనా పరిశోధన చేయాలి. నకిరేకల్ దాటి సూర్యాపేట చేరేలోపు జాతీయ రహదారి మీద వచ్చే ఈ మండలంలో, లోకంలో ఇంకెక్కడా సాధ్యం కాని విశేషం ఒకటుందంటారు. ఆడమనిషిని ప్రేమించిన ఆడమనిషి ఇక్కడ ఒక్కరూ లేరట. ఇదివరకు లేరట, ఇకముందు పుట్టబోరట. "మా దిక్కు గసొంటోళ్లు లేరు సారూ, అదంత పట్నం బీమారి" అని తేల్చేస్తారు పెద్దమనుషులు. ఈ మాట తెలుగు నేల మీద ఏ చాయ్ హోటల్ ముందు కూర్చున్నా వినపడేదే. అయినా కేతేపల్లినే పట్టుకున్నానంటే, ఊరున్న చోటు అలాంటిది.

ఈ రోడ్డు మీద పడమటికి పోతే హైదరాబాద్. ఒకే లింగానికి చెందినవారైనా వయసొచ్చిన ఇద్దరి ఇష్టపూర్వక బంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు శిక్షాస్మృతి 377 సెక్షన్ కోరలు పీకిన కేసును వాదించిన లాయర్లలో ఒకరైన మేనకా గురుస్వామి పుట్టింది అక్కడే. తనతో కలిసి వాదించిన అరుంధతీ కాట్జూ, తానూ ఒక జంట అని మరుసటి ఏడు టీవీలో చెప్పారామె. అదే ఏడు 'టైమ్' పత్రిక ప్రపంచంలో ప్రభావశీలురైన వంద మంది జాబితాలో ఇద్దరినీ చేర్చింది. తన తోడు ఒక అమ్మాయేనని బయటికి చెప్పిన స్ప్రింటర్, ఒడిశా చేనేత కుటుంబం బిడ్డ ద్యుతీ చంద్ తన పరుగుకు సాన పట్టుకున్నది కూడా హైదరాబాద్‌లోనే, కోచ్ నాగపురి రమేశ్ దగ్గర.

తూర్పుకు పోతే విజయవాడ. అక్కడ ఇద్దరు యువతులు ఏడాదిపాటు కాపురం ఉన్నారు. ఒకామెను తండ్రి నర్సీపట్నం పట్టుకుపోయి ఇంట్లో పెడితే, రెండో ఆమె హైకోర్టుకెళ్లి హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మేజర్లు ఎవరితో ఉండాలో వాళ్లిష్టం, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది.

పడమట ఉంది, తూర్పున ఉంది, నడుమ మాత్రం లేదు. సంక్రాంతికి కార్లు బారులు తీరే, ఈ మండలంలోని కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గరే ఏదో జరుగుతున్నట్టుంది. ఈ బీమారికి ఫాస్టాగ్ లేదని అటునుంచి వచ్చినదాన్ని అటు, ఇటునుంచి వచ్చినదాన్ని ఇటు తిప్పి పంపేస్తున్నారు కాబోలు. గంజాయి బండ్లను కూడా ఇంత పకడ్బందీగా ఆపగలిగితే పోలీసులకు ఎంత పని తప్పేది!

పట్నం బీమారి అన్న మాట పెద్దమనుషుల సొంత సరుకేమీ కాదు, ఢిల్లీలోనూ అమ్ముడుపోయింది. ఒకే లింగం వారి పెళ్లి కేసులో, ఇదంతా నగరాల్లోని ఉన్నత వర్గాల ఆలోచన అని 2023 ఏప్రిల్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. అదే ఏడు అక్టోబరు 17న తీర్పొచ్చింది. పెళ్లి హక్కు దక్కలేదు గానీ, తన తీర్పులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఈ వాదాన్ని మాత్రం వదిలిపెట్టలేదు. నగరంలో ఇంగ్లీషు మాట్లాడుతూ ఉద్యోగం చేసే మగాడికే కాదు, పొలంలో పని చేసే స్త్రీకి కూడా క్వీర్ అన్న గుర్తింపు అంతే సొంతమని, బహుశా ఇంకా ఎక్కువే సొంతమని రాశారు. పొలంలో పని చేసే స్త్రీ అంటే ఎవరు? మూసీ ఆయకట్టు కింద మోకాలి లోతు బురదలో నడుం వంచి నాటు వేసే మనిషే కదా. సుప్రీంకోర్టుకు అంత దూరం నుంచి కనపడిన మనిషి, గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషికి కనపడదు.

1987లో భోపాల్‌లో పనిచేసే లీల, ఊర్మిళ అనే ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు దండలు మార్చుకుంటే కొలువు నుంచి తీసేశారు. పోలీసు బ్యారక్‌లో బతికిన ఆ ఇద్దరినీ ఉన్నత వర్గంలో ఎలా లెక్కగట్టాలో నాకైతే తెలియదు. ఉత్తరాదిలో ఇలా బతుకుతున్న పేద స్త్రీల జీవితాల మీద మాయా శర్మ 2006లో ఒక పుస్తకమే తెచ్చారు. పట్నం బీమారి అనేవాళ్లు చదవరు, చదివినవాళ్లు అనరు.

ఇక సన్మానాల సంగతి. మార్చి 8 వస్తే మండలానికొక వేదిక, వేదికకొక ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద ఇరవై మంది మగవాళ్ల ఫొటోలు, కింద మహిళా దినోత్సవ శుభాకాంక్షలు. ఉత్తమ మహిళ ఎంపికకు ఎక్కడా రాసిపెట్టని నిబంధనావళి ఒకటుంది. బయోడేటాలో ఆమె పేరు తర్వాతి గడి భర్త పేరు. పరిచయం చేసే మాస్టారు ముందుగా ఆమె ఫలానావారి సతీమణి అని చెప్పి, ఆ తర్వాత తీరిక ఉంటే ఆమె చేసిన పని చెబుతారు. శాలువా కప్పే వేళకు భర్తగారు కూడా పైకి రావాలి, ఫొటోకు అందం. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకిచ్చిన రాష్ట్రంలో సర్పంచమ్మ కుర్చీ పక్కన ఆ ఇంకో కుర్చీ ఎవరిదని మనం అడగడం ఎప్పుడో మానేశాం.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకోండి. పదిహేనేళ్లుగా పొదుపు సంఘం నడిపింది. బ్యాంకు లింకేజీ అప్పు ఒక్క కిస్తీ తప్పకుండా కట్టించింది. తాగొచ్చి కొట్టే మొగుళ్ల ఇళ్ల ముందు పది మందిని కూర్చోబెట్టింది. తీర్మానాల పుస్తకం ఆమె చేతిరాతతోనే నిండిపోయింది. ఆమె ఇంకొక స్త్రీతో ఒకే ఇంట్లో ఉంటుంది. ఇంతవరకు ఊరికి అభ్యంతరం లేదు. "పాపం, లగ్గం కాలే, దోస్తుతోని ఉంటది" అని జాలి కూడా పడుతుంది. ఆమె మైకు పట్టుకుని, "పాపం అనకుండ్రి, మేమిద్దరం మంచిగనే ఉన్నం, గీమె నా మనిషి" అందనుకోండి. శాలువా మళ్లీ ప్లాస్టిక్ కవర్లోకి పోతుంది. పదిహేనేళ్ల కిస్తీలు ఒక్క వాక్యంతో ఎగ్గొట్టిన బాకీ కింద జమైపోతాయి.

సర్కారు లెక్క ఇంకా రంజుగా ఉంటుంది. ఒంటరి మహిళలకు తెలంగాణలో 2017లో పింఛను మొదలైంది. మొదట వెయ్యి, తర్వాత 2,016 రూపాయలు. మంచి పథకమే. కానీ ఒకే పొయ్యి మీద ముప్పై ఏళ్లు కలిసి వండుకు తిన్న ఇద్దరు ఆ కాగితాల్లో ఏమవుతారు? ఇద్దరు ఒంటరి మహిళలు!

బైసెక్సువల్ స్త్రీ విషయానికొస్తే సన్మాన కమిటీవారు మరీ తికమకపడతారు. "మొగోళ్లంటే గూడ ఇష్టమే గద, ఇంకేంది పంచాయితీ? లగ్గం చెయ్యుండ్రి" అంటారు. చేస్తారు కూడా. ఆమె బయోడేటాలో భర్త పేరు గడి నిండుతుంది, శాలువా నేరుగా వస్తుంది. ఆ లెక్కన కేతేపల్లిలోనైనా ఇంకెక్కడైనా ఇలాంటి స్త్రీలకు సన్మానాలు ఎన్నో ఏళ్లుగా జరిగిపోతూనే ఉండాలి, చేసేవాళ్లకు తెలియకుండా. మాకెవ్వరూ తెలియదని పెద్దమనుషులు అంటే ఆ మాట అక్షరాలా నిజం. శాలువా చేతిలో ఉన్నవాడికి ఎవరు చెబుతారు?

చెప్పుకుంటే సాధన ఏమైనా తరిగిపోతుందా అన్న శాస్త్రీయ సందేహానికి ద్యుతీ చంద్ దగ్గర జవాబుంది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో 100, 200 మీటర్లలో రెండు రజతాలు. అప్పుడు అందరికీ ఆమె మన బిడ్డే. 2019 మేలో తన తోడు ఒక అమ్మాయి అని చెప్పింది. ఇంట్లోవాళ్లే కొందరు ఎదురు తిరిగారు. జూలైలో నేపుల్స్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరిగెత్తి స్వర్ణం తెచ్చింది. 2020లో అర్జున అవార్డు వచ్చింది. డోపింగ్ పరీక్షలో దొరికి 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. అది తప్పు, దానికి నిబంధన ఉంది, శిక్షా ఉంది. పెద్దమనుషులు మాత్రం మందు సంగతి క్షమించినా మనసు సంగతి క్షమించరు.

హైదరాబాద్ కార్పొరేట్ ఆఫీసులను పొగిడి తప్పించుకుందామనుకుంటే అదీ కుదరదు. ప్రైడ్ నెల జూన్ వస్తే లోగోలకు ఇంద్రధనుస్సు రంగులు, స్టార్ హోటల్లో అవార్డుల రాత్రి, వేదిక మీద ఇంగ్లీషు తప్ప మరో భాష పలకని నాయకత్వం. జూలై ఒకటిన తెల్లారేసరికి లోగో మామూలైపోతుంది. ఇలాంటి స్త్రీలు ఔటర్ రింగు రోడ్డు లోపలే పుడతారని వాళ్ల నమ్మకం కూడా. ఈ ఒక్క విషయంలో రచ్చబండకూ హెచ్చార్ విభాగానికీ ఏకాభిప్రాయం ఉంది.

మన సంస్కృతి అనేది ఆఖరి అస్త్రం. సరే, నల్లగొండ సంస్కృతి గురించే మాట్లాడుకుందాం. తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం ఈ గడ్డ మీది మనిషే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో అచ్చువేసింది. దొరల మీదికి పోయినప్పుడు వాళ్లు కావలసి వచ్చారు, పోరాటం ఆగాక ఇంటికి పోయి సంసారం చూసుకొమ్మన్నారు. ఆ బాధ వాళ్ల నోటివెంటే వచ్చింది. ఆడమనిషి పని తీసుకుని, ఆ తర్వాత ఇంటి సంగతి ఆరా తీయడం ఈ జిల్లాలో డెబ్బై ఏళ్లు దాటిన అలవాటు. అదే సంస్కృతి అయితే పెద్దమనుషులు దాన్ని భద్రంగానే కాపాడుతున్నారు.

నేను ఊరేగింపు తీయమనడం లేదు, రంగుల జెండా కట్టమనడం లేదు. ఎవరి గుట్టూ ఎవరూ విప్పాల్సిన పని లేదు; చెప్పుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వచ్చే మార్చి 8కి మండలంలో దరఖాస్తులు అచ్చు వేయించేవారికి ఒక్కటే విన్నపం: భర్త పేరు గడి తీసేయండి. ఆ చోటులో ఆమె చేసిన పని ఇంకో రెండు వరుసలు రాసుకుంటుంది. వేదిక మీదికి వెంట ఎవరిని తీసుకొస్తుందో ఆమెనే అడగండి, ఎవరు వస్తే వాళ్లకూ ఒక కుర్చీ వేయండి.