పదివేల రూపాయల ఏంజెల్

బొబ్బిలి వాడికి పెట్టుబడి పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. సాలూరు లారీలో నాలుగోవంతు వాటా, తోడల్లుడి కోళ్లఫారంలో యాభైవేలు, మేనల్లుడి సెల్‌ఫోన్ షాపులో ఇంటావిడ గాజులు - అన్నీ నోటిమాట మీద నడిచినవే. లాభం వస్తే మన తెలివి, నష్టం వస్తే ఏలినాటి శని. మూడో పద్దు లేదు కాబట్టి ఆడిటర్ అవసరం రాలేదు.

ఇప్పుడు స్టార్టప్‌లొచ్చాయి. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మా చినమావ టీవీలో, స్టార్టప్‌లవాళ్లు పెట్టుబడి అడిగే షార్క్ ట్యాంక్ షో చూసి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"ఒరే అల్లుడూ, కోటి రూపాయిలిచ్చి రెండు శాతం అట్టుకుపోనాడ్రా. మనవో పదేలిస్తే ఏటొస్తాది?" అని అడిగి, జవాబు కూడా తనే చెప్పాడు. "పాయింటు సున్నా సున్నా రెండు." ముప్పై ఏళ్లు చిల్లర లెక్కపెట్టిన బుర్ర, తప్పదు.

వాటా సంగతి సరే మావా, ముందు నిన్ను రానివ్వాలి కదా అన్నాను. స్టార్టప్‌లలో తొలిదశలోనే డబ్బు పెట్టే ఏంజెల్ ఫండ్‌లో చేరాలంటే ఒకప్పుడు కనీసం పాతిక లక్షలు పెట్టాల్సి వచ్చేది. 2025 సెప్టెంబరులో సెబీ నిబంధన మార్చింది. ఇక కొత్తగా చేరేవాళ్లంతా 'అక్రెడిటెడ్' ఇన్వెస్టర్లే కావాలి. అంటే ఏడాదికి 2 కోట్ల ఆదాయం, లేదా ఏడున్నర కోట్ల ఆస్తి, లేదా కోటి ఆదాయంతో పాటు 5 కోట్ల ఆస్తి. ఆస్తిలో సగం షేర్లు, బాండ్లు, బ్యాంకు డిపాజిట్ల లాంటి రూపంలో ఉండాలి.

"బైపాసు పక్కన మూడెకరాలున్నోడో?"

"ఒట్టి భూమైతే చెల్లదు."

"అయితే మనూళ్లో తెలివైనోడు ఒక్కడూ నేడన్నమాట!"

నిజానికి నిబంధన తెలివిని చూడదు, పోతే తట్టుకోగలడా లేదా అన్నది చూస్తుంది. అందులో న్యాయం లేకపోలేదు. డబ్బున్నవాడు పదిచోట్ల పెడతాడు, తొమ్మిది మునిగినా ఒకటి తేలితే గట్టెక్కుతాడు. మావ దగ్గరున్నది ఒకే ఒక్క పదివేలు. పైగా ప్రైవేటు కంపెనీ షేరు రేపు అమ్ముదామంటే కొనే నాథుడుండడు.

ఫండ్ వద్దు, నేరుగా కంపెనీకే ఇద్దామంటే 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ అడ్డొస్తుంది. ప్రైవేటు కంపెనీ ఏడాదికి 200 మందికి మించి షేర్లు తీసుకోమని అడక్కూడదు. అదీ పేరుపేరునా అడగాలి, ప్రకటనలివ్వకూడదు. ఆ 200 మందిలో బొబ్బిలి పేరు ఎందుకుంటుంది? సామాన్యుల దగ్గర చిన్న మొత్తాలు తీసుకునే దారి ఒకటి పెడదామా అని 2014 జూన్‌లో సెబీ ఓ పత్రం వేసి అభిప్రాయాలడిగింది. 2016 ఆగస్టులో, అలా తీసుకునే వెబ్‌సైట్లకు అనుమతి లేదు జాగ్రత్త అని హెచ్చరించింది. అభిప్రాయాలు ఇంకా చదువుతున్నట్టున్నారు.

వీధి తలుపు ఇంత గట్టిగా బిగించినవాళ్లు పెరటి తలుపు సంగతి పట్టించుకోలేదు. డిపాజిట్లు తీసుకున్న అగ్రిగోల్డ్ కంపెనీలో సుమారు 32 లక్షల మంది 6 వేల కోట్ల పైచిలుకు పోసి మునిగారు. 10 వేల లోపు వాళ్లకి 2019లో, 20 వేల లోపు వాళ్లకి 2021లో రాష్ట్ర ఖజానాలోంచి ఇవ్వాల్సి వచ్చింది. అంటే పెట్టనివాళ్లు కూడా పన్నుల రూపంలో పెట్టినట్టే. 2025లో హైదరాబాదు ఫాల్కన్ కేసులో ఈడీ ఏకంగా ఓ విమానాన్నే జప్తు చేసింది. కంపెనీల బిల్లుల మీద అప్పులిచ్చి వడ్డీ సంపాదిద్దామని జనం యాప్‌లో వేసిన డబ్బుతోనే దాన్ని కొన్నారని ఈడీ మాట.

2024 ఆగస్టు ముచ్చట ఇంకా బాగుంటుంది. ఢిల్లీలో రెండు యమహా షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులున్న రిసోర్స్‌ఫుల్ ఆటోమొబైల్ అనే కంపెనీ 12 కోట్ల కోసం ఐపీఓకి వెళ్తే, జనం సుమారు 4,800 కోట్లకు అర్జీలు పెట్టారు. మరుసటేడు సెబీ ఇలాంటి చిన్న కంపెనీల ఐపీఓలకి కనీస అర్జీని 2 లక్షలు దాటించింది. చిన్నవాణ్ణి కాపాడాలంటే చిన్నవాణ్ణి రానివ్వకపోవడమే సులువు.

మావ ఊరుకోలేదు. ఫోన్ తీసి ఓ యాప్ చూపించాడు. అయిదువేలతో 'మీరూ భాగస్వాములే' అని రాసుంది. కింద ఒప్పందం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. అద్దాలు నుదుటి మీదకి తోసి, బొటనవేలితో పైకి తోస్తూనే ఉన్నాడు, అయిపోదు. నేను చదివి చెప్పాను: నీకిచ్చేది షేరు కాదు, ఓటు లేదు, కంపెనీ విలువ పెరిగితే ఆ పెరుగుదలలో కొంత ఇచ్చే విషయం వాళ్లు ఆలోచిస్తారు, గొడవొస్తే బెంగళూరు కోర్టుకెళ్లాలి.

"టికెట్టు కొట్టేసారు, సీటు నేదు, బస్సు ఎల్తాదో నేదో తరవాత సెప్తారంతావు."

"అంతే."

"ఇలగ నేను సేసుంటే సస్పెండు సేసీవోళ్లు."

పోనీ మావా, గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లున్నారు, పనసకర్ర కొనుక్కోడానికి ముందుగా చేతిలో డబ్బుండాలి, వాళ్లకివ్వకూడదా అన్నాను. భౌగోళిక గుర్తింపు దక్కిన సరుకు, చేసే చేతులు కళ్లెదుటే ఉంటాయి. మావ నన్ను జాలిగా చూశాడు. "ఆలకి యాప్ ఏదిరా?"

వారం తిరక్కుండా మా చెల్లెలి కొడుకే స్టార్టప్ పెట్టాడు. ఊళ్లో ఇంటింటికీ ఇడ్లీపిండి. ఉన్న ఆస్తి ఓ టీవీఎస్ ఎక్సెల్, ఓ గ్రైండరు. మావ దగ్గర పదివేలడిగి పాయింటు సున్నా సున్నా రెండు శాతం ఇస్తానన్నాడు. ఆ లెక్కన కంపెనీ విలువ అక్షరాలా 50 కోట్లు.

"రోజుకెన్ని కేజీలు అమ్ముతున్నాడు మావా?" అన్నాను.

"ఇంకా మొదలెట్టనేదు."

"మరెలా ఇచ్చావు?"

"ఈడు సెట్టం పెకారం ఎల్తన్నాడ్రా. రెండొందల మందితో లిస్టు రాసాడు. మొదటి పేరు నాదే." కాస్త గర్వంగా చొక్కా సర్దుకున్నాడు. "నీది నాలుగోది. రేపు సాయంత్రం వస్తాడంట, ఇంటికాడే ఉండు."