ప్రీమియం తగ్గించే చిట్కాలా? వీటి జోలికి పోవద్దు

కారు పాతబడే కొద్దీ దాని విలువ పడిపోతుంది కదా, మరి ఇన్సూరెన్సు ఏటేటా ఎందుకు పెరుగుతోంది? కర్నూల్లో, కడపలో కారున్న ప్రతి ఇంట్లో ఇదే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. బాధ ఏమిటంటే, రెన్యూవల్ నెల రాగానే మెకానిక్ షెడ్డులోనూ టీ కొట్టు దగ్గరా దొరికే సలహాలు చాలావరకు మనల్ని ముంచేవి.

"థర్డ్ పార్టీ ఒకటి కట్టు సాలన్నా, మిగతాదంతా దండగ." అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇదే. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీనే, నిజం. అది లేకుండా మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ అది మన బండి తగిలి నష్టపోయిన ఎదుటివాళ్ల కోసం. మన కారుకు దాన్నుంచి ఒక్క రూపాయి రాదు.

"మనది కరువు సీమ, వరద యాడ్నుంచి వస్తాది?" అని కూడా అంటారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, చెయ్యేరు ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. అలాంటి నీళ్లలో మునిగిన కారుకు ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఏమీ ఇవ్వదు.

ఫుల్ పాలసీ ఉన్నవాళ్లను కూడా ముంచే సలహా ఇంకోటుంది: "నీళ్లు దిగినాయి కదా, ఒకసారి స్టార్ట్ చేసి చూడు." దయచేసి ఆ పని చేయకండి. గాలి పోయే దారిలో నీళ్లు సిలిండర్లోకి చేరి ఉంటాయి. పిస్టన్ గాలినైతే నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. తాళం తిప్పిన మరుక్షణం కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. అది వరద వల్ల జరిగిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని కంపెనీ అంటుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోకపోతే ఆ బిల్లు మీదే. తాళం ముట్టకుండా, ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, బండిని లాగించుకు పోండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. థర్డ్ పార్టీ రేటును కంపెనీలు నిర్ణయించవు. హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించి కేంద్ర రవాణా శాఖ ప్రకటిస్తుంది. 1000 నుంచి 1500 సీసీ కారుకు 2014-15లో 1,332 రూపాయలు. 2022 జూన్ 1 నుంచి అదే 3,416. ఎందుకంటే మనిషి చనిపోతే, గాయపడితే ఇచ్చే పరిహారానికి థర్డ్ పార్టీలో పైపరిమితి లేదు. చనిపోయిన వ్యక్తి సొంత పని చేసుకునేవాడైనా, 40 ఏళ్ల లోపువాడైతే, అతని సంపాదనకు 40 శాతం కలిపి లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. 44వ నంబరు హైవే మీద కూలికి పోతూ ప్రాణం పోగొట్టుకున్నవాడి పిల్లల చేతికి ఆ డబ్బు అందుతుంది. ఈ పెంపు మీద నాకు కోపం లేదు. కోపమంతా 18 శాతం జీఎస్టీ మీదే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాకు ఆ పన్ను ఎత్తేశారు. చట్టమే తప్పనిసరి చేసిన కారు బీమాకు మాత్రం ఉంచేశారు.

మన సొంత కారుకు కట్టే ఓన్ డ్యామేజీ ప్రీమియం పెరగడానికి కారణం రిపేరు ఖర్చు. ఎర్రగుంట్ల సిమెంటు లారీ వెనకో, బేతంచెర్ల బండల ట్రాక్టరు వెనకో పోతుంటే ఒక రాయి ఎగిరి ముందు అద్దానికి తగులుతుంది. ఒకప్పుడు ఆ అద్దం ఉత్త గాజు. ఇప్పుడు చాలా కార్లలో దాని వెనక కెమెరా ఉంటుంది, బంపర్లో సెన్సర్లుంటాయి. అద్దం మార్చాక కెమెరాను మళ్లీ సరిచేయించాలి.

"ఎట్లాగూ కడతాండావు, గీత పడినా క్లెయిమ్ వేసెయ్" అనే మాట వినకండి. క్లెయిమ్ లేని ఏళ్లకు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 20, 25, 35, 45, 50 శాతం చొప్పున నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. లెక్క చూడండి. ప్రీమియం 12,000 అనుకుంటే, 50 శాతం బోనస్ ఉన్నవాళ్లు 6,000 కడుతున్నారు. బోనస్ పోయి మళ్లీ అక్కడికి చేరేలోగా, రేటు మారకపోయినా, అదనంగా పడేది 15,000. నాలుగు వేల పెయింటింగు కోసం అంతా? పాత సొట్టలన్నీ ఒకే ప్రమాదంలో పడ్డట్టు రాయించమనేవాళ్లూ ఉన్నారు. అది మోసం. కంపెనీ పంపే సర్వేయరు తుప్పు చూసి పట్టేస్తాడు. పట్టుకోలేకపోతే ఆ భారం మరుసటేడు మనందరి ప్రీమియంలోకి వస్తుంది.

ఐడీవీని, అంటే పాలసీలో రాసే కారు విలువను, తగ్గించి రాయించుకోవద్దు. బండి పోతే చేతికొచ్చేది ఆ అంకె చుట్టూనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొంటే 14 రోజుల్లోగా పాలసీ మీ పేరుకు మార్పించుకోండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది చివరికి ఉంచాను. "ఊరికే ఎందుకు పెట్టుకుంటావు, అహోబిలానికో తిరుపతికో బాడుగకు తిప్పు, ప్రీమియం వచ్చేస్తాది." సొంత వాడకం పాలసీలో బాడుగకు చోటు లేదు. దారిలో ప్రమాదం జరిగితే మీ బండి క్లెయిమ్ పోతుంది. దెబ్బతిన్న కుటుంబానికి కంపెనీ చేత కోర్టు డబ్బు కట్టించినా, దాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఇవ్వొచ్చు. అప్పుడు అమ్మాల్సింది కారు కాదు, పొలం.

నిజంగా తగ్గించుకునే దారులు కొన్ని ఉన్నాయి. ఒకే ఐడీవీ పెట్టి నాలుగు కంపెనీల రేట్లు పోల్చండి. మొదటి కొన్ని వేలు మీరే భరించే వాలంటరీ డిడక్టిబుల్ తీసుకోండి. రెండు బండ్లుంటే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఒకటి చాలు, రెండోసారి కట్టొద్దు. పాత కారు అమ్మినా బోనస్ మీదే, కొత్తదానికి మార్పించుకోండి. గడువు దాటి 90 రోజులైతే ఆ బోనస్ పోతుంది కాబట్టి తేదీకి వారం ముందే రెన్యూవల్ చేయించండి.