‘ఈ ఒక్క ఆటా’కు టీకా తాత్పర్యం

అవతారిక: మా తాతయ్య గోదావరి కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆ తరవాత వీధరుగు మీద రమ్మీయే ఆయన ఉద్యోగం. మొన్ననే దినవారాలయ్యాయి. గ్రంథాలేవీ రాయలేదు గనక, ఆయన మిగిల్చిన వాఙ్మయమంతా ఈ ఒక్క వాక్యమే. మెదకు సీమ మల్లినాథసూరికి వ్యాఖ్య రాయడానికి కాళిదాసు దొరికాడు. ఎవరి ప్రాప్తం వారిది.

మూలం: “ఈ ఒక్క ఆటా అయ్యాక లేస్తానే!”

ప్రతిపదార్థం: ఈ = చేతిలో నున్నదియు, ఇంకను పంచవలసినదియు నగు; ఒక్క = తక్కువలో తక్కువ నాలుగైన; ఆటా = పదమూడు ముక్కల రమ్మీయును (తుది దీర్ఘము సముచ్చయార్థకము, కావున వెనుక మఱియొకటి కలదని సూచన); అయ్యాక = పిలిచెడివారు విసిగి ఊరకున్న పిదప; లేస్తాన్ = కాలు మార్చి కూర్చుందును; ఏ = ఓ ఇల్లాలా! (ఇది సంబోధనమే గాని అవధారణము గాదు. అవధారణమైనచో లేవవలసి వచ్చును.)

తాత్పర్యం: మీరు తినేయండి.

విశేషాలు: పందెం వేరుశెనగ గుళ్ళు. ఆట సగంలో ఉండగానే పందెం తినేసేవాడు కాబట్టి గెలిచినవాళ్ళకు పొట్టు మిగిలేది. ‘ఇది జూదం’ అని అమ్మమ్మ పూర్వపక్షం. దానికి తాతయ్య సమాధానం సుప్రీంకోర్టు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ నడిచిన సికింద్రాబాదు క్లబ్బు కేసులో, 1967 నవంబరులో, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని కోర్టు తేల్చింది. ‘నేర్పూ!’ అని వేలెత్తి మరీ చెప్పేవాడు. మూడుముక్కలాట మాత్రం కేవలం అదృష్టమన్న మాట కూడా అదే తీర్పులో ఉంది. సంక్రాంతికి మూడుముక్కలాడేటప్పుడు ఆ భాగం ఆయనకు గుర్తొచ్చేది కాదు.

ఇక ధ్వని. ఓసారి ఆయన ఓడి బోర్లించిన ముక్కల్ని మా అమ్మ తిప్పి చూసింది. లైఫ్ ఉంది, రెండు జోకర్లున్నాయి, షో ఎప్పుడో అయిపోయింది. చెప్పలేదంతే. ఆయన పారేసిన ముక్క ఎత్తుకునే చోట ఎప్పుడూ ఓ మనవడో మనవరాలో కూర్చుని ఉండడం, వాళ్ళకు కావలసిన ఆఠీను ఏడు సరిగ్గా అప్పుడే ఆయన చేతినుంచి జారడం కాకతాళీయం కాదని మాకు అప్పటిదాకా తట్టలేదు. ఆట అయిపోతే అందరూ లేచిపోతారు, ఎవరూ లేవకూడదు. నా మటుకు నాకు వాక్యానికి అసలు అర్థం ఇదే. పెదమావయ్య ఒప్పుకోడు. ‘అదేం లేదురా, ఆయనకు ఆట రాదు’ అంటాడు.

వివాదాంశం: 101 ఆట ఒకటి సగంలో ఆగిపోయింది. క్యాలెండరు కాగితం వెనక తాతయ్య లెక్క 61. ఆఖరుసారి పంచిన ముక్కలకు ఏం రాయాలి? పేకలోంచి ఒక్క ముక్కయినా ఎత్తి వదిలేస్తే మిడిల్ డ్రాపు, 40. మొత్తం 101, అవుట్. ఎత్తకుండా వదిలితే మామూలు డ్రాపు, 20. ఎత్తాడని పెదమావయ్య, లేదని పిల్లలు. సాక్షి అమ్మమ్మే.

“ఎత్తలేదు. ఆ రోజు అన్నానికి పిలవగానే ముక్కలు బోర్లా పెట్టి లేచొచ్చారు.”

పిలవగానే లేవడం ఇదొక్కటే ప్రయోగం. లక్షణవిరుద్ధమైనా ఆర్షమని సరిపెట్టుకోవాలి. అమ్మమ్మ మాత్రం ‘అప్పుడే అనుకున్నాను, ఒంట్లో బాగాలేదని’ అంది.

20 రాశాం. 81 అయింది, ఆటలోనే ఉన్నాడు. పెదమావయ్యది 93. సుప్రీంకోర్టుకు వెళ్తానంటున్నాడు.