సర్వపిండి అడగని చుట్టాలు

మా రోజుల్లో పాలంపేటకు చుట్టం రావడమంటే జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర బస్సు దిగి, బండి దొరికితే బండి, లేకుంటే నడక. ఏ ఊరివాడైనా పొయ్యి మీద ఏముంటే అది తినేవాడు. మక్కగటక, చల్ల, పచ్చిపులుసు. అదృష్టం బాగుంటే రామప్ప చెరువు చేప.

2021 జులైలో మా ఊరి రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. మంచిదే, కాదనను. కానీ కారు దిగీ దిగగానే అడిగేదేమిటి? "తాతా, ఇక్కడ ఫ్రైడ్ రైస్ ఎక్కడ దొరుకుతుంది?" గుడిలోని నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడు ప్రాణం తోడేస్తారు. ఈ నేల మీద ఏం తింటారని ఒక్కడూ అడగడు.

అడిగితే సర్వపిండి గురించి చెబుదును. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం వేసి ముద్ద చేస్తారు. దాన్ని సర్వ అనే గిన్నె లోపల అడుగంతా, అంచుల దాకా పల్చగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె వదులుతారు. మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచితే కింద కరకరా, పైన మెత్తగా వస్తుంది. మా అమ్మ రెండు సర్వలు పెట్టుకునేది, ఒకటి పొయ్యి మీద కాలుతుంటే ఇంకోటి చల్లారాలి. వేడి గిన్నెకు పిండి ఒత్తితే చేతులు కాలవూ? ఓవెన్లు లేని ఇళ్లలో మా బేకింగు ఇదే. ఇప్పటి కోడళ్లు నాన్‌స్టిక్ పెనం మీద చేసి అదీ సర్వపిండే అంటారు. అంటే అననీ.

ఇది కాకతీయుల కాలపు వంట అని కొందరు గొప్పలు పోతారు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించేనాటికి ఇక్కడ మిరపకాయ లేదు, పల్లి లేదు, మక్క అసలే లేదు. మూడూ అమెరికా ఖండాల పంటలు, ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు సముద్రాలు దాటి వచ్చినవి. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ చపాట మిర్చి ముత్తవ్వ కూడా అక్కడిదే.

ఆ అమెరికాకు మావాడు నన్ను తీసుకుపోయి ఊళ్లన్నీ తిప్పాడు. డిక్కీలో రైస్ కుక్కర్, పులిహోర, ఆవకాయ సీసా! శాన్ ఫ్రాన్సిస్కోలో 1849 నుంచి పులిసిన పిండితో రొట్టె కాలుస్తున్న బుడీన్ బేకరీ ఉందిరా అంటే, "నీకు పులుపు పడదు నాన్నా" అన్నాడు. దోసెలు తిని పెరిగినవాడికి పులుపు పడదట! దక్షిణాది రాష్ట్రాలకు పోయాక నేనే పట్టుబట్టి కార్న్ బ్రెడ్ తెప్పించుకున్నా. మక్కపిండిని ఇనుప మూకుడులో పోసి కాలుస్తారు. అంచు కరకర, నడుమ మెత్తన. మావాడు మాత్రం ఫోన్‌లో బిర్యానీ హోటల్ వెతుకుతున్నాడు.

ఇక్కడికొచ్చేవాళ్లు ఫ్రైడ్ రైస్, అక్కడికెళ్లినవాళ్లు బిర్యానీ. ఇంత పెట్రోలు ఎందుకు తగలెయ్యడం?

ఈసారి రామప్పకు వస్తే ఊళ్లో ఎవరినైనా సర్వపిండి చేసిపెట్టమని అడగండి. పొద్దున్నే చెప్పాలి, పప్పు నానాలి కదా. అయిదు నిమిషాల్లో కావాలంటారా, నూడుల్స్ బండి పార్కింగు పక్కనే ఉంటుంది, పోండి.