వెలకట్టలేని బొంతలు

అమ్మమ్మ కుట్టిన బొంతకూ నాయనమ్మ అల్లిన లేసుగుడ్డకూ వెలకట్టలేమన్న సిద్ధాంతం తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో ఇప్పుడు దాదాపు ఏకగ్రీవంగా ఆమోదం పొంది ఉంది. ఆస్తి పంపకాల దగ్గర గానీ, పెళ్ళి ముహూర్తాల దగ్గర గానీ, చివరికి పప్పులో వెల్లుల్లి వేయాలా వద్దా అన్న దగ్గర గానీ ఒక్క తాటి మీదికి రాని కుటుంబాలు ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట పలుకుతాయి. ఇంతమంది ఇంత సులువుగా ఒప్పుకున్న సిద్ధాంతం వల్ల ఎవరికీ చేతి చమురు వదలడం లేదేమోనన్న అనుమానం కలగడం సహజం. ఆ అనుమానంలో ఎంత నిజముందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వస్తువు సంగతి. బొంత అంటే పాతబడిన నేతచీరలను, పంచెలను, చిరిగిన దుప్పట్లను పొరలు పొరలుగా పరిచి, లావుపాటి సూదితోనో దబ్బనంతోనో అంచు నుంచి అంచుకు వరసలు వరసలుగా కుట్టిన పక్కబట్ట. కాస్తో కూస్తో రంగు నిలిచిన చీర పైకి వస్తుంది. మాసికలు పడిన పంచె, మోచేతుల దగ్గర చిరిగిన బడి చొక్కా, ఎవరి కంటా పడకూడని మిగతా సమస్తమూ లోపలికి పోతాయి. చంటిపిల్లల కింద పరవడానికి, బాలింత మంచానికి, చలికాలం కప్పుకోవడానికి, జ్వరం వచ్చినవారి ఒంటికి అది అక్కరకు వచ్చేది. కొత్త దుప్పటికి డబ్బు లేకపోవడం, ఒకవేళ ఇంట్లో ఉన్నా ఆ డబ్బు తీసే చెయ్యి బొంత కుట్టే ఆమెది కాకపోవడం బొంత పుట్టుకకు ముఖ్య కారణాలు. ఈ కారణాలకు నేటి వారసులు పర్యావరణ స్పృహ అని, పొదుపు కళ అని, సుస్థిర జీవనశైలి అని రకరకాల పేర్లు పెట్టారు. గతిలేక చేసిన పనికి రెండు తరాల తరవాత దూరదృష్టి అన్న బిరుదు దక్కడం చరిత్రలో కొత్తేమీ కాదు గానీ, ఆ బిరుదు ఇచ్చేవారు కొత్త రజాయి కప్పుకుని ఇవ్వడం మాత్రం గమనించదగ్గది.

ఈ ఆరాధన వంశపారంపర్యంగా వచ్చినదని చెప్పడానికీ వీల్లేదు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే వ్యాపారి వీధిలోకి వచ్చిన కాలంలో, అంటే తెలుగు వంటిళ్ళలో ఇత్తడి అటకెక్కి స్టీలు అరల్లోకి దిగిన దశాబ్దాలలో, అమ్మమ్మల పెట్టెల్లోని చీరలు మూటల కొద్దీ గిన్నెలుగా మారిపోయాయి. జరీ ఉన్న పాత పట్టుచీరలను కొనేవారు వేరే ఉండేవారు. వారికి చీరతో పనిలేదు, జరీని కరిగించి అందులోని వెండి తీసుకోవడమే వారి వ్యాపారం. ఆ బేరాల్లో "ఇది మా అమ్మ జ్ఞాపకం, దీనికి వెలకట్టలేం" అన్న మాట వినిపించేది కాదు. "ఇంకో రెండు గ్లాసులు వెయ్యి" అన్న మాట మాత్రం వీధి చివరి దాకా వినిపించేది. అలా గిన్నెలకు కూడా నోచుకోని, మరీ నలిగి చిరిగినందువల్ల వ్యాపారి తిరగ్గొట్టిన బట్టలే చాలావరకు బొంతల్లోకి చేరాయి. కాబట్టి నేడు వారసత్వ సంపదగా పూజలందుకుంటున్నదానిలో మంచి భాగం స్టీలు సామాన్లవాడు వద్దన్న సరుకు.

వస్తువుకు పవిత్రత వచ్చాక వ్యాఖ్యాతలు పుట్టకుండా ఉండరు. ఏదైనా ఒక పాత బొంతను వెలుతురులో పట్టి చూస్తే, మొదటి వరసల్లో బియ్యపు గింజంత పొడవున ఒద్దికగా పడిన కుట్లు మధ్యకు వచ్చేసరికి సాగి, నాలుగో మూల దగ్గర వేలి కణుపంత అయి ఉంటాయి. ఒకచోట ఎర్రదారం హఠాత్తుగా ఆగిపోయి తెల్లదారం మొదలవుతుంది. వ్యాఖ్యాతలు దీన్ని కళాకారిణి తీసుకున్న స్వేచ్ఛ అంటారు, యంత్రానికి చేతకాని మానవస్పర్శ అంటారు. ఆ సమయానికి బిడ్డ లేచి ఏడ్చి ఉండవచ్చునని, పొయ్యి మీద అన్నం అడుగంటి ఉండవచ్చునని, కిరసనాయిలు దీపం దగ్గర కళ్ళు లాగి ఉండవచ్చునని, ఎర్రదారానికి డబ్బులు అడగడం ఇష్టంలేక ఇంట్లో ఉన్న తెల్లదారంతోనే సరిపెట్టుకుని ఉండవచ్చునని ఊహించడం సౌందర్యశాస్త్రం పరిధిలోకి రాదు కాబోలు.

నాలుగో మూల వేరొకరి చేతిది కావచ్చునన్న ఊహ మరింత ఇబ్బందికరం. పాత బట్టలు ఇస్తే అరుగు మీద కూర్చుని బొంత కుట్టిపెట్టి, గింజలో డబ్బులో తీసుకుపోయే స్త్రీలు అనేక ఊళ్ళలో తిరిగేవారు. "అమ్మమ్మ చేతి బొంత" అని అద్దంలో బిగించినదానిలో అమ్మమ్మ చేతిమీదుగా జరిగినది బట్టలు ఇవ్వడమూ, గింజలు కొలవడమూ మాత్రమే అయిన సందర్భాలు లేకపోలేదు. ఆ కుట్టినామె కూడా ఎవరికో అమ్మమ్మే. ఆమె మనవలకు మాత్రం చూపించుకోవడానికి బొంత మిగలలేదు, ఎందుకంటే ఆమె కుట్టినవన్నీ ఇతరుల అమ్మమ్మల పేరు మీద చెలామణి అవుతున్నాయి. (అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని పెళ్ళి ఫొటోలు దిగేవారు దాన్ని నేసిన మగ్గం ఏ ఊరిదో కూడా అడగరు, అక్కడ మరుపు ఇంకా సంపూర్ణం.)

భద్రపరిచే పద్ధతులు ఈ భక్తికి తగ్గట్టుగానే ఉంటాయి. ఎండ తగిలితే రంగు వెలిసే బట్టను ఎండ పడే హాలు గోడకు తగిలిస్తారు. గాలి ఆడకపోతే బూజు పట్టే నూలును అద్దానికి ఆనించి బిగిస్తారు. అంత స్థలం లేనివారు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నాలుగు కలరా ఉండలు, అంటే పురుగు పట్టకుండా వేసే నాఫ్తలీన్ గోళీలు, జారవిడిచి బీరువా అడుగు అరలో మరిచిపోతారు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న నూలుబట్ట ఆ మడత దగ్గరే చిరుగుతుంది. గంజి వదిలేలా ఉతికి, నీడలో ఆరేసి, అప్పుడప్పుడు విప్పి మడత మార్చి, పలచటి నూలుగుడ్డలో చుట్టి పెడితే చాలాకాలం ఉంటుంది. ఉతకడం, ఆరేయడం, విప్పడం, మళ్ళీ మడవడం అన్నవి వాడుకలో ఉన్న బొంతకు ఏ సంరక్షణ శాస్త్రమూ తెలియకుండానే జరిగిపోయే ఉపచారాలు. అయినా వాడటం అపచారం. చంటిబిడ్డ తడిపితే పీల్చుకోవడం కోసమే పుట్టిన బట్ట దగ్గరికి చంటిబిడ్డను రానివ్వకుండా కాపలా కాసి, మాతృదినోత్సవం నాడు దాని పక్కన నిలబడి ఫొటో తీసుకోవడం దాని ప్రస్తుత ఉపయోగం.

ఇక వెలకట్టలేమన్న అసలు సిద్ధాంతానికి వస్తే, ఇల్లాలి పనికి ఇంట్లో ఎవరూ కట్టని లెక్కను చివరికి న్యాయస్థానాలు కట్టవలసి వచ్చింది, అదీ ఆమె ప్రమాదంలో పోయాక. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన రెండో షెడ్యూలు, సంపాదన లేని వ్యక్తికి ఏడాదికి 15,000 రూపాయల ఊహాజనిత ఆదాయాన్ని, అంటే లేని సంపాదనను ఉన్నట్టు భావించి పరిహారం లెక్కకు వాడే అంకెను, నిర్ణయించింది. సంపాదన లేని భార్య అయితే ఆ అంకె భర్త ఆదాయంలో మూడో వంతుగా ఉండేది. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 34 నుంచి 59 ఏళ్ళ మధ్య గృహిణుల సేవలను నెలకు 3,000 రూపాయలుగానూ, 62 నుంచి 72 ఏళ్ళ వృద్ధ స్త్రీల సేవలను ఏడాదికి 20,000 రూపాయలుగానూ లెక్కగట్టింది. అంతకుముందు కట్టిన లెక్క ఇంకా తక్కువని కోర్టు దాన్ని పెంచితే వచ్చిన మొత్తాలివి. వెలకట్టలేని అమ్మమ్మ వెల, ఆ విధంగా, నెలకు 1,700 రూపాయల లోపు తేలింది. 2001 జనాభా లెక్కలు ఇంటిపని చేసే స్త్రీలను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచేయనివారి జాబితాలో చేర్చడాన్ని 2010లో అదే న్యాయస్థానం తప్పుపట్టింది. కాలవినియోగ సర్వే, అంటే మనుషులు రోజులోని గంటలను ఏ పనులకు వెచ్చిస్తున్నారో నమోదు చేసే జాతీయ సర్వే, 2024 సంవత్సరానికి తేల్చిన ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, అటువంటి పని చేసే కొద్దిమంది పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. గ్యాసు పొయ్యి, మిక్సీ, కుళాయి వచ్చాక ఉన్న పరిస్థితి ఇది. అవేవీ లేని కాలంలో ఇంటిపని పోను మిగిలినదానికి తీరిక అని పేరు. బొంతలు, లేసులు, పూసల తోరణాలు ఆ తీరికలో పుట్టాయి.

అమ్మ నుంచి కూతురికీ, కూతురి నుంచి మనవరాలికీ చేతిపనులే ఎందుకు సంక్రమించాయన్న ప్రశ్నకు స్త్రీల సున్నిత హృదయం కారణమని సమాధానం చెప్పడం ఆనవాయితీ. అంతకంటే గట్టి కారణం ఆస్తి చట్టంలో ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైనట్టు పరిగణన పొందింది. ఆ సవరణకు ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. దేశవ్యాప్త సవరణ 2005 దాకా రాలేదు. నేడు అద్దాల్లో ఉన్న బొంతలను కుట్టిన తరం స్త్రీలలో అత్యధికులు అప్పటికే పెళ్ళిళ్ళయి పిల్లల్ని ఎత్తినవారు. చట్టం వచ్చాక కూడా రిలీజు డీడుకు, అంటే తనకున్న వాటాను అన్నదమ్ములకు వదులుకుంటున్నట్టు ఆడపడుచు సంతకం చేసే పత్రానికి, రిజిస్ట్రారు ఆఫీసుల్లో గిరాకీ తగ్గలేదు. పొలం దస్తావేజులు కొడుకుల బీరువాల్లోకీ, బొంతలు కూతుళ్ళ బీరువాల్లోకీ చేరిన ఈ పంపకాల్లో, బొంత తమకే కావాలని కొడుకులు కోర్టుకెక్కిన దాఖలా లేదు. వెలకట్టలేనివన్నీ ఆడవారికి వదిలి, వెల ఉన్నవాటితో సరిపెట్టుకున్న మగవారి త్యాగబుద్ధిని ఇంతవరకు ఎవరూ సన్మానించలేదు.

సిద్ధాంతం ఇంటి గడప దాటి బజారుకు వెళ్తే ఎలా ఉంటుందో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో చూడవచ్చు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక, అంటే కొనకు కొక్కెం ఉన్న సన్నటి సూదితో నూలుదారాన్ని మెలికలు వేస్తూ పువ్వులుగా, అంచులుగా, బల్లగుడ్డలుగా అల్లే పని, ఆ డెల్టా పల్లెల్లో ఇంటింటి పనిగా స్థిరపడింది. సరుకు మాత్రం ఓడలెక్కి విదేశాలకు పోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆడవాళ్ళు తీరికవేళ చేసుకునే కాలక్షేపంగా చెలామణి అయిన ఆ పని రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సాగేదని, ఇంటిచాకిరీ దానికి అదనమని, చేతికి వచ్చేది వ్యవసాయ కూలీ స్త్రీల కనీస వేతనానికి చాలా దిగువన ఉండేదని ఆమె చూపారు. లేసు అల్లే ఆమెది కాలక్షేపం కనుక ఆమెకు ఇచ్చేది కూలి కాదు. కూలి కాదు కనుక తక్కువ ఇచ్చినా తప్పు కాదు. బొంత విషయంలో మనవలు చేసిన తర్కాన్నే ఎగుమతి వ్యాపారులు వారికంటే ముందే లాభసాటిగా చేశారు. విడి పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకుపని చేసేది మరొకరు కావడంతో, పూర్తయిన బల్లగుడ్డ తనదని చెప్పుకోగలిగినవారు ఆ వరసలో వ్యాపారి తప్ప మరొకరు లేరు.

ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి పేరును బయటివారు తమ సరుకుకు తగిలించుకోకుండా 1999 నాటి చట్టం కింద ఇచ్చే రక్షణ అది. ఊరి పేరుకు రక్షణ రావడం సంతోషించదగ్గదే. అల్లినామెకు గంటకు ఎంత దక్కాలో నిర్ణయించడం ఆ చట్టం పని కాదు. ఇంట్లో అమ్మమ్మ లేసుగుడ్డకు వెలకట్టలేమనేవారు, హస్తకళల ఎగ్జిబిషన్‌లో అటువంటి లేసుగుడ్డే కనిపిస్తే ఠక్కున వెల కడతారు, చెప్పినదానిలో సగానికి.

ఆ కుట్లలో ప్రేమ లేదా అని నొచ్చుకునేవారు ఉండవచ్చు. ఉండే ఉంటుంది, మనవడి కోసం కుట్టిన బొంతలో ప్రేమ లేదనడానికి ఎవరికీ ఆధారం లేదు. అయితే కొడుకు ఉద్యోగం చేసి ఇల్లు కట్టించడంలోనూ ప్రేమ ఉంది, అంతమాత్రాన అతని జీతం ఎవరూ ఎగ్గొట్టలేదు, ఇంటి పత్రాల మీద అతని పేరు రాయడమూ మానలేదు.

బొంతను దాచుకోదలచినవారు నిరభ్యంతరంగా దాచుకోవచ్చు. దాచేముందు కుట్టినామె పూర్తి పేరు, పుట్టింటి ఊరు, కుట్టిన ఏడు, ఏ పొరలో ఎవరి చీర ఉందన్నది తెలిసినంతవరకు ఒక గుడ్డపీలిక మీద రాసి మూలన కుట్టి పెట్టాలని మనవి. ఆమె పేరు ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలియకపోతే అద్దం కింద ఆ సంగతే రాసి పెట్టవచ్చు. అమ్మమ్మ, నాయనమ్మ అన్నవి పేర్లు కావు. ఇక అమ్మ ఇంకా ఉన్న ఇళ్ళవారికి ఒకే ఒక్క విన్నపం: ఆమె చేత సంతకం పెట్టించవలసిన రిలీజు డీడు ఏదైనా మిగిలి ఉంటే, ఆ పని మానుకోండి.