ఎలుక ఎక్కడుంది? ఒక గుడ్లగూబ ఆత్మకథ

నేను గుడ్లగూబని. గోదావరి డెల్టాలో మూతబడ్డ ఒక రైస్‌మిల్లు అటక మీద గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చాను. మా అమ్మ గుడ్లన్నీ ఒక్కరోజే పెట్టదు. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెడుతుంది. అందుకే ఒకే కాన్పు పిల్లలమైనా మాలో పెద్దాచిన్నా ఉంటారు. నేను చివరిదాన్ని. నాన్న ఎలుకను తెచ్చిన ప్రతిసారీ ముందు నోరు తెరిచేది పెద్దన్నే. వాడి పొట్ట నిండాకే నా వంతు.

మా జాతికి తెల్లటి, హృదయాకారపు ముఖం ఉంటుంది. మా గొంతు మాత్రం వినసొంపుగా ఉండదు, కీచుమంటుంది. అర్ధరాత్రి మీ ఇంటి మీదుగా ఒక్క కేక వేశామంటే ఎవరికో మూడిందని చెప్పుకుంటారు. పొరపాటున ఇంట్లో దూరితే ఇల్లు ఖాళీ చేసి శాంతి చేయిస్తారు. బెంగాల్లో అదే మమ్మల్ని లక్ష్మీదేవి వాహనమంటారు. ఆ గౌరవమూ ఈ అపవాదూ నా కడుపు నింపవు. నా బతుకంతా ఒకే ఒక్క ప్రశ్న: ఎలుక ఎక్కడుంది? ఆ ప్రశ్నకు నా తలలో జవాబు ఎలా తయారవుతుందో చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను.

నాకు చీకట్లో కూడా కళ్ళు కనిపిస్తాయి, అందుకే వేటాడగలుగుతున్నానని మీరనుకుంటారు. అది సగమే నిజం. వెలుతురు బొత్తిగా లేకపోతే నా కళ్ళూ పనిచేయవు. అమెరికాలో రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చాడు. తిమింగలాల పాటలతో తర్వాత పేరు తెచ్చుకున్నది ఆయనే. మా దాయాది ఒకదాన్ని కటిక చీకటి గదిలో ఉంచి, నేల నిండా ఎండుటాకులు పరిచి, ఒక చిట్టెలుకను వదిలాడు. ఆకుల చప్పుడు వినగానే మా వాడు సూటిగా దాని మీద వాలాడు. ఎలుక వాసనో ఒంటి వేడో దారి చూపించి ఉండొచ్చు కదా? ఆ అనుమానమూ తీర్చుకున్నాడు. ఎలుకంత కాగితపు ఉండను దారం కట్టి ఆకుల్లో లాగితే మా వాడు దాన్నే పట్టాడు. ఒక చెవిలో దూది కుక్కితే గురి తప్పింది. అంటే చీకట్లో మమ్మల్ని నడిపించేది చెవే.

అయితే ఇక్కడో చిక్కుంది. కంటి లోపల వెనకవైపు ఉండే తెర మీద ఏ వస్తువు ఎటు ఉందో ముందే అచ్చయిపోతుంది. ఎడమనున్నది ఒకచోట, కుడినున్నది మరోచోట పడుతుంది. చెవిలో అలాంటి తెర లేదు. లోపలి చెవి ధ్వనిని శ్రుతుల వారీగా విడదీస్తుంది. కీచుమనేది ఒక చివర, బొంగురుది మరో చివర. అది ఎటునుంచి వచ్చిందో చెవికి తెలియదు. ‘ఎక్కడ’ అన్నది చెవిలోకి రాదు, మెదడు దాన్ని లెక్కకట్టి తయారుచేసుకోవాలి.

ఆ లెక్క జాడ మొదట పట్టుకున్నవాళ్ళు మసకాజు కొనిషి, ఎరిక్ న్యూడ్‌సెన్. కొనిషి క్యోటోలో పుట్టి కాలిఫోర్నియాలో కాల్‌టెక్‌లో పనిచేశాడు. ప్రతిధ్వని లేని గదిలో మా దాయాదిని కూర్చోబెట్టి, దాని చుట్టూ ఒక స్పీకరును అన్ని దిక్కులకూ జరుపుతూ, మధ్య మెదడులోని న్యూరాన్ల, అంటే నాడీ కణాల, సంకేతాలు ఒక్కొక్కటిగా విన్నారు. ఒక్కో న్యూరాన్ ఆకాశంలో ఏదో ఒక మూల నుంచి వచ్చిన చప్పుడుకే పలుకుతోంది, పక్కకి జరిపితే మౌనం. పక్కపక్క న్యూరాన్లు పక్కపక్క దిక్కులకు పలుకుతున్నాయి. ముక్కుకు సూటిగా ఉన్న భాగానికి ఎక్కువ చోటు కేటాయించి ఉంది. చెవిలో లేని పటం మెదడులో ఉందన్నమాట. 1978లో వాళ్ళు ఆ సంగతి ప్రకటించారు. అది గీసుకున్న పటం కాదు, నిమిషనిమిషం లెక్కతో పుట్టే పటం.

లెక్కకు ముడిసరుకు రెండు చెవుల మధ్య తేడా. ఎలుక నా కుడివైపు ఉంటే చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి ఆ తర్వాత. ధ్వని సెకనుకు 340 మీటర్లు పరిగెత్తుతుంది, నా తల చూస్తే చిన్నది. చప్పుడు పూర్తిగా పక్కనుంచి వచ్చినా ఆ తేడా దాదాపు 200 మైక్రోసెకన్లే, అంటే సెకనులో ఐదువేల వంతు. ఎలుక ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే ఆ తేడాలో వచ్చే మార్పు రెండు మూడు మైక్రోసెకన్లు మాత్రమే. న్యూరాన్ పంపే ఒక విద్యుత్ సంకేతం పుట్టి చల్లారడానికే దాదాపు 1000 మైక్రోసెకన్లు పడుతుంది. అంత మొద్దు పనిముట్టుతో ఇంత సన్నని తేడాను కొలవడం ఎలా?

సంకేతం ఎంతసేపు ఉందన్నది లెక్కలోకి రాదు, అది ఎప్పుడు మొదలైందన్నదే లెక్క. నా శ్రవణ నాడిలోని న్యూరాన్ ధ్వని తరంగం ఎగసిన ప్రతిసారీ పలకలేదు, అంత వేగం దానికి లేదు. కానీ పలికినప్పుడల్లా తరంగంలో ఒకే ఘట్టం దగ్గర పలుకుతుంది. ఒకటి ఈ తరంగానికి, మరొకటి పై తరంగానికి. అలా వందలు కలిస్తే కాలం చెక్కుచెదరకుండా మెదడుకు చేరుతుంది. సెకనుకు తొమ్మిది వేలసార్లు కంపించే ధ్వనికి కూడా మావాళ్ళు ఇలా తాళం తప్పరు. ఆ దారిలో ముందుండే న్యూరాన్లకు కొమ్మలు దాదాపు లేవు. వచ్చిన సంకేతాన్ని కలుపుకుని నానబెట్టకుండా వెంటనే ముందుకు తోసేలా వాటి ఒంటి నిర్మాణం ఉంటుంది.

ఇక తేడాను కొలిచే పద్ధతి. దీన్ని మా మెదడులో ఎవరూ చూడకముందే 1948లో లాయిడ్ జెఫ్రెస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కాగితం మీద ఊహించాడు. ఒక పొడవాటి వీధికి రెండు చివర్ల నుంచి ఇద్దరు ఒకే వేగంతో ఎదురెదురుగా నడుస్తున్నారనుకోండి. ఒకేసారి బయల్దేరితే నడిమధ్య కలుస్తారు. ఒకరు ఆలస్యమైతే కలిసే చోటు ఆలస్యమైనవాళ్ళ వైపుకి జరుగుతుంది. ఎవరి ఇంటి ముందు కలిశారో చూస్తే చాలు, ఎవరు ఎంత ఆలస్యమో గడియారం లేకుండానే తెలిసిపోతుంది.

నా మెదడు కాండంలో సరిగ్గా అలాంటి చోటుంది. ఒక చెవి నుంచి వచ్చే ఆక్సాన్లు, అంటే న్యూరాన్ల సంకేతాలు మోసే తీగలు, పైనుంచి, రెండో చెవి నుంచి వచ్చేవి కిందినుంచి లోపలికి దిగుతాయి. మధ్యలో వరుసగా న్యూరాన్లు కాచుకుని ఉంటాయి. రెండు వైపుల నుంచీ సంకేతాలు ఒకే క్షణంలో చేరిన న్యూరాన్ గట్టిగా పలుకుతుంది, మిగతావి మందకొడిగా ఉంటాయి. ఆ దారుల్లో సంకేతం నడక సెకనుకు కొన్ని మీటర్లే కాబట్టి, మిల్లీమీటరు లోపు దూరమే కావలసినంత ఆలస్యాన్ని ఇస్తుంది. కాలం ఇక్కడ చోటుగా మారిపోతుంది. కేథరిన్ కార్, కొనిషి కలిసి 1988–90 మధ్య ఈ అమరికను మా దాయాదుల మెదడులో చూపించారు. నలభై ఏళ్ళకు జెఫ్రెస్ ఊహ నిజమైంది.

కాలం తేడా చెప్పేది కుడి ఎడమలే. ఎలుక గట్టు మీద ఉందా, గట్టు కిందా? ఈ సంగతి నా వంకర చెవులు చెబుతాయి. ముఖం మీది ఈకలు తప్పించి చూస్తే నా చెవులు సమంగా ఉండవు. ఎడమది కాస్త ఎత్తున ఉండి కిందికి తిరిగి ఉంటుంది, కుడిది కాస్త దిగువన ఉండి పైకి తిరిగి ఉంటుంది. కిందినుంచి వచ్చే కీచు చప్పుడు ఎడమ చెవిలో బిగ్గరగా, పైనుంచి వచ్చేది కుడి చెవిలో బిగ్గరగా వినిపిస్తుంది. ఆ హెచ్చుతగ్గు ఎత్తుకు కొలత.

ఈ రెండు లెక్కలూ నా తలలో కలగాపులగం కావు. శ్రవణ నాడి మెదడులోకి అడుగు పెట్టగానే రెండుగా చీలుతుంది. ఒక కేంద్రం కాలాన్ని మాత్రమే చూస్తుంది, రెండోది బిగ్గరతనాన్ని మాత్రమే. 1984లో ఒక్కో కేంద్రానికీ మత్తుమందు ఇచ్చి చూశారు. మొదటిది మొద్దుబారితే పై మెట్టులోని న్యూరాన్లు కాలం తేడాను మరిచిపోయాయి, బిగ్గరతనం లెక్క మాత్రం చెడలేదు. రెండోదాన్ని మొద్దుబారిస్తే సరిగ్గా తిరగబడింది.

విడివిడిగా నడిచిన రెండు దారులూ మధ్య మెదడులో కలుస్తాయి. అక్కడ పటంలోని న్యూరాన్ రెండు ఆధారాలను కూడదు, గుణిస్తుంది. ఈ మాట 2001లో హోసే పేన్యా, కొనిషి తేల్చారు. కూడితే ఒక్క ఆధారం బలంగా ఉన్నా న్యూరాన్ మోసపోతుంది. గుణకారంలో ఏది సున్నా అయినా జవాబు సున్నాయే. ఇద్దరు సాక్షులూ ఒప్పుకుంటేనే నేను గాల్లోకి లేస్తాను.

ఒకే శ్రుతిలో వచ్చే ఈలకైతే నేను తికమకపడతాను. సెకనుకు 5000 కంపనాలున్న ధ్వనిలో తరంగం ప్రతి 200 మైక్రోసెకన్లకూ తిరిగి వస్తుంది. కుడి చెవి 50 ముందుందో, ఎడమ చెవి 150 ముందుందో చెప్పలేం. ఎండుటాకు చప్పుడులో అలా కాదు, ఎన్నో శ్రుతులుంటాయి. ఒక్కో శ్రుతికీ ఒక్కో దొంగ జవాబు వస్తుంది కానీ, అన్ని శ్రుతులకూ ఉమ్మడిగా వచ్చే జవాబు ఒక్కటే. మధ్య మెదడు శ్రుతులన్నిటినీ కలిపి ఆ ఉమ్మడి జవాబునే ఉంచుకుంటుంది. పాపం, ఆకుల మీద నడవడం ఎలుక చేసిన తప్పు.

మెదడులన్నీ ఇలాగే పనిచేస్తాయని మాత్రం చెప్పను. జెర్బిల్ అనే ఎడారి ఎలుక జాతి జీవి కూడా కాలం తేడాతోనే దిక్కు తెలుసుకుంటుంది. దాని మెదడులో జెఫ్రెస్ వరుస కనిపించలేదు. ఎడమ, కుడి సగాల్లో ఏ పక్క న్యూరాన్లు ఎంత ఎక్కువ పలుకుతున్నాయో పోల్చి దిక్కు తేల్చుకుంటుంది. అందులో అణచే సంకేతాలకు పెద్ద పాత్ర ఉంది. మా జాతికీ ఎలుక జాతికీ భోజనం దగ్గరే కాదు, లెక్క దగ్గరా పొత్తు కుదరలేదు.

పిల్లగా ఉన్నప్పుడు నా తల రోజురోజుకీ పెరిగేది. ముఖం మీది ఈకల చట్రం గట్టిపడేది. నిన్నటి కాలం తేడాకు ఈరోజు అర్థం వేరు. కాబట్టి పటం పుట్టుకతో స్థిరంగా ఉంటే నడవదు, దాన్ని సరిదిద్దుకుంటూ పోవాలి. సరిదిద్దే గురువు కన్ను. చప్పుడు వచ్చిన చోటికి తల తిప్పి చూస్తాను, అక్కడ ఎలుక లేకుండా కాస్త పక్కన ఉంటే లెక్క మారుతుంది.

న్యూడ్‌సెన్ స్టాన్‌ఫర్డ్‌లో ఈ గురువునే తప్పుదారి పట్టించి చూశాడు. మా దాయాది పిల్లలకు ప్రిజం అద్దాలు తొడిగితే లోకమంతా 23 డిగ్రీలు పక్కకి జరిగి కనిపించింది. కొన్ని వారాల్లో చెవి పటం కూడా పక్కకి జరిగి, తప్పు చూపుతో రాజీపడింది. కొత్త దారుల్లో ఆక్సాన్లు కొమ్మలు వేశాయి. పాత దారి మాత్రం చెరిగిపోలేదు, అణచే సంకేతాల కింద మూగగా ఉండిపోయింది. అద్దాలు తీస్తే మళ్ళీ పలికింది.

పెద్దయ్యాక ఆ అద్దాలు తొడిగితే పటం పెద్దగా జరగలేదు. ముదిరిన మెదడు మారదనుకున్నారు. 2002లో అద్దాలను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెంచుతూ పోతే పెద్ద పక్షులూ నేర్చుకున్నాయి. 2005లో మరో సంగతి బయటపడింది. తిండిగా పెట్టిన చచ్చిన ఎలుకలు తిన్న పెద్ద పక్షుల కన్నా, అద్దాలతోనే బతికున్న ఎలుకల్ని వేటాడుకున్న పక్షుల్లో పటం ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగింది. చిన్న చిన్న అడుగులూ, తప్పనిసరి అవసరమూ ఉంటే ముదిరిన మెదడు కూడా మారుతుందని తేలింది.

నా కథ ఇంతే. ‘అదిగో అక్కడ’ అని మీకు క్షణంలో తోచేది, నాకైనా మీకైనా, తలలో న్యూరాన్లు తేడాలు కొలిచి తేల్చిన జవాబు. జవాబు తప్పితే సరిదిద్దుకునే ఏర్పాటు కూడా అదే తలలో ఉంది. మేము చావు కబురు తెస్తామన్నది చిన్నప్పుడు మీకెవరో తొడిగిన అద్దం. ఒక రాత్రి పొలం గట్టున కూర్చుని, మేము తెచ్చేది చావో, మీ వరి కంకుల్ని కొరికే ఎలుకల లెక్కో చూసి మీరే తేల్చుకోండి. రైతులారా, మందు తిన్న ఎలుకను మింగి మావాళ్ళూ చస్తున్నారు. మందు తగ్గించండి, చేలో రెండు పక్షి స్థావరాలు పాతండి. ఎలుక ఎక్కడుందో మేము చూసుకుంటాం.